వెలుగు పలక మీద తెలుగు లిపి

(ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకా వెల్లిచందైలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి అంశం విని మీలో కొందరు ఆశ్చర్యపడి ఉంటారు. న్యాయవాది వచ్చి హక్కుల గురించి మాట్లాడాలి గాని, ఎల్‌ఈడీ బోర్డుకు తీగ ఎక్కడ బిగించాలో, దాని కంట్రోల్ కార్డును ఎట్లా అమర్చాలో చెప్పడమేమిటని అనుకోవచ్చు. కాని ఈ రెండూ వేరువేరు విషయాలు కావని మీకు విన్నవించడానికే వచ్చాను.

ఈ ఊరి పేరులోనే సంత ఉన్నది. తమిళంలో వెళ్ళి అంటే శుక్రవారం, సందై అంటే సంత. సంతలో మాటకు విలువ ఎక్కువ. ఒకప్పుడు దండోరా వేసేవాడు ఏ భాషలో చాటితే ఆ భాషకు ఊరిలో చోటు ఉన్నట్లు లెక్క. ఆ తరువాత సుద్దముక్కతో రాసే నల్లబల్లలు వచ్చాయి, రంగుతో రాసే రేకు బోర్డులు వచ్చాయి. ఇప్పుడు గుడి ముందు, కల్యాణ మండపం ముందు, పాల సంఘం గోడ మీద, బస్సు నుదుటి మీద, రైలు స్టేషనులో వెలిగే అక్షరాలే దండోరా. ఆ అక్షరాలలో మన లిపి లేకపోతే, మన పిల్లల కంటికి అది ఈ లోకంలోనే లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. ఇంత మందిలో మాట ఉన్నది, పాట ఉన్నది, సామెత ఉన్నది. పోతున్నది లిపి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత మన పిల్లలు బడిలో తమిళం తప్పనిసరిగా చదువుతున్నారు. చదవాలి కూడా. ఈ గడ్డ భాష అది, అది నేర్చినందువల్ల మనకు నష్టం లేదు. నష్టమల్లా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి వీధిలో ఎక్కడా తెలుగు అక్షరం ఎదురు కాకపోవడంలో ఉన్నది. ఎదురుపడని అక్షరాన్ని ఎవరు గుర్తుపడతారు?

‘తెలుగు రాదు’ అనే మాట

సరిహద్దు ఊళ్లలో నేను తరచుగా వినే మాట ఒకటున్నది. ఒక ఊరివారు చందాలు వేసుకొని గుడి మండపానికి వెలుగు బోర్డు కొన్నారు. తమిళంతో పాటు తెలుగు కూడా రావాలని అడిగారు. అమ్మినవాడు ‘ఈ కార్డులో తెలుగు రాదండీ’ అన్నాడు. అందరూ తలలూపి ఊరకున్నారు. యంత్రమే చేతకాదన్న తరువాత మనిషితో వాదమెందుకని వారి ఉద్దేశం. ఊరి పేరు, అమ్మినవాడి పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ఇది ఏ ఒక్క ఊరి కథా కాదు.

ఆ మాట నిజమా కాదా అన్నది తెలియాలంటే బోర్డు లోపల ఏం జరుగుతున్నదో తెలియాలి. ఎల్‌ఈడీ బోర్డు అంటే వేల కొద్దీ చిన్న దీపాలు వరుసలుగా పేర్చిన పలక. కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారు చేశారు. బాగా వెలిగే నీలి దీపం సాధ్యమయ్యేసరికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ నీలి వెలుగును సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఎరుపు, పచ్చ, నీలం మూడూ కలిసినందువల్లే ఈనాటి రంగుల తెరలు వచ్చాయి.

ఈ దీపాలలో ఏది వెలగాలో, ఏది ఆరాలో చెప్పే చిన్న పలకనే కంట్రోల్ కార్డు అంటారు. ఆ కార్డుకు తమిళమూ తెలియదు, తెలుగూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. దానికి తెలిసినది చుక్కల పటం మాత్రమే. మన ఆడవాళ్లు వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్లే అది దీపాలను కలిపి ఆకారం చూపుతుంది. ముగ్గుపిండికి భాష ఉంటుందా? ఉన్నదల్లా గీసే చేతికి ఉంటుంది.

అయితే అమ్మినవాడు పూర్తిగా అబద్ధమాడాడని కూడా అనలేము. చవక రకం కార్డులు కొన్నింటిలో ఇంగ్లీషు అక్షరాల ఆకారాలు ముందే దాచి ఉంటాయి. ఆ దారిలో తెలుగు పంపితే రాదు. కాని అక్షరాలను కంప్యూటరులోనో ఫోనులోనో తయారు చేసి, బొమ్మగా మార్చి పంపితే చాలా కార్డులు చూపుతాయి. ఆ కొంచెం పని చేయడానికి ఇష్టం లేకపోవడానికి ‘రాదు’ అని పేరు పెట్టారు. రైల్వేవారు ఒకే బోర్డు మీద ప్రాంతీయ భాషను, హిందీని, ఇంగ్లీషును మార్చి మార్చి చూపుతున్నారు. దీపాలు అవే. పంపే మనిషికి పంపాలన్న ఆజ్ఞ ఉన్నది, అంతే తేడా.

మన అక్షరానికి కావలసిన చోటు

తెలుగు అక్షరానికి మూడు అంతస్తులున్నాయి. నడుమ అక్షరం, పైన తలకట్టు, గుడి వంటి గుర్తులు, కింద ఒత్తు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఒకే అంతస్తు చాలు. కొనేముందు ఈ తేడా గుర్తుంచుకోకపోతే డబ్బు వృథా అవుతుంది.

బజారులో ఎక్కువగా దొరికేది పి10 రకం. అంటే దీపానికి దీపానికి మధ్య దూరం 10 మిల్లీమీటర్లు. ఒక్కొక్క మాడ్యూలు 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అడ్డంగా 32 దీపాలు, నిలువుగా 16 దీపాలు. ఒకే వరుస మాడ్యూళ్లతో బోర్డు కట్టిస్తే మొత్తం అక్షరానికి 16 దీపాల ఎత్తే దక్కుతుంది. అందులో ఇంగ్లీషు బాగానే కనబడుతుంది. తెలుగులో ‘రాష్ట్రం’ అని రాస్తే పైదీ కిందదీ కలిసి ముద్ద అవుతుంది. అప్పుడు ‘చూశారా, తెలుగు బాగుండదు’ అంటారు. బాగుండకపోవడం లిపి లోపం కాదు, చోటు చాలకపోవడం. కనుక రెండు వరుసలు పెట్టించండి, 32 దీపాల ఎత్తు వస్తుంది. అడ్డంగా ఆరు, నిలువుగా రెండు, మొత్తం 12 మాడ్యూళ్లు తీసుకుంటే 192 సెంటీమీటర్ల వెడల్పు, 32 సెంటీమీటర్ల ఎత్తు గల బోర్డు అవుతుంది. చిన్న ఊరి గుడికి, గ్రంథాలయానికి, సంఘ కార్యాలయానికి ఇది చాలు.

ఇక అక్షరాలు కూర్చే సంగతి. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలుగా దాచబడి ఉంటుంది. వాటిని కలిపి ఒత్తులతో సహా ఒకే ఆకారంగా చూపే తెలివి సాఫ్ట్‌వేరుకు ఉండాలి. లేకపోతే పొల్లులు విడివిడిగా పడి చదవడానికి వీలుకాదు. అందుకని డబ్బు చెల్లించేముందు అమ్మేవారి ఎదుటనే ఐదు మాటలు కొట్టించి చూడండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, కృష్ణ, ధర్మపురి. ఈ ఐదూ సరిగా వస్తే మిగిలినవన్నీ వస్తాయి.

అచ్చువారి దగ్గర అను అక్షరాలలో కొట్టించిన పాఠం తెచ్చి బోర్డులో వేయబోతే గజిబిజి గుర్తులు కనబడతాయి. అది యూనికోడ్ కాదు గనుక అట్లా జరుగుతుంది. ఫోనులో తెలుగులో కొట్టినది యూనికోడే, దానిని వాడండి. సన్నని మెలికల అక్షరాలకంటె లావుపాటి అక్షరాలు దీపాలలో స్పష్టంగా ఉంటాయి. రామభద్ర, మండలి, నోటో సాన్స్ తెలుగు వంటివి రుసుము లేకుండా దొరుకుతున్నాయి.

సాఫ్ట్‌వేరు అప్పటికీ మొరాయిస్తే బొమ్మ దారి ఉండనే ఉన్నది. సరిగ్గా 192 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తుతో నల్లని నేపథ్యం మీద అక్షరాలు రాసి, బొమ్మగా దాచి, ఆ బొమ్మను కార్డుకు పంపండి. ఒకే రంగు బోర్డులో లేత, ముదురు తేడాలుండవు కాబట్టి అంచులు గరుకుగా వస్తే ఒకటి రెండు చుక్కలు చేత్తో దిద్దుకోవాలి. అది గంట సేపటి పని, ఒకసారి చేసిన బొమ్మ ఏళ్ల తరబడి పనికి వస్తుంది.

అమర్చే క్రమం

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఇక్కడున్న యువకులు, ముఖ్యంగా పాలిటెక్నిక్, ఐటీఐ చదివినవారు దీనిని చేతులతో నేర్చుకోవాలి.

మొదటిది విద్యుత్తు. మాడ్యూళ్లకు కావలసినది 5 వోల్టులు. 230 వోల్టులను 5 వోల్టులుగా మార్చే పవర్ సప్లై పెట్టెలు వస్తాయి. 5 వోల్టులు, 40 ఆంపియర్ల పెట్టె అంటే 200 వాట్లు. దానిని నిండా వాడకూడదు, 80 శాతం వరకే బరువు పెట్టాలి. ఉదాహరణకు మాడ్యూలుకు 15 వాట్లని రాసి ఉంటే 12 మాడ్యూళ్లకు 180 వాట్లు కావాలి. ఒక పెట్టెలో 80 శాతం అంటే 160 వాట్లే గనుక రెండు పెట్టెలు పెట్టాలి. ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే మాడ్యూళ్లు కాలిపోతాయి. ఒక చివరినుండే కరెంటు ఇస్తే దూరపు మాడ్యూళ్లు మసకబారతాయి, కాబట్టి రెండు మూడు చోట్ల ఇవ్వాలి. ఎర్తింగు, ఎంసీబీ తప్పనిసరి. 230 వోల్టుల వైపు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకే అప్పగించండి.

రెండవది సంకేతపు తీగలు. మాడ్యూలు వెనుక బాణం గుర్తు ఉంటుంది. కార్డునుండి వచ్చిన రిబ్బన్ కేబుల్ మొదటి మాడ్యూలులో ప్రవేశించి, దాని రెండవ వైపునుండి తరువాతి మాడ్యూలులోకి పోవాలి. మన 12 మాడ్యూళ్ల బోర్డులో రెండు వరుసలున్నాయి, కాబట్టి కార్డుకు రెండు కేబుల్ ద్వారాలుండాలి, వరుసకొకటి. ఒకే రంగు పి10 మాడ్యూళ్లకు హబ్ 12 అనే అమరిక, పూర్తి రంగుల మాడ్యూళ్లకు హబ్ 75 అనే అమరిక. రెండింటికీ 16 పిన్నులే గనుక ఒకదాని కేబుల్ మరొకదానిలో పడుతుంది, పని మాత్రం చేయదు. కార్డు కొనేటప్పుడే ఏ అమరికో, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు మోయగలదో బిల్లు మీద రాయించుకోండి.

మూడవది కార్డుకు బోర్డు సంగతి చెప్పడం. కంప్యూటరులోనో ఫోనులోనో ఆ కార్డు సాఫ్ట్‌వేరు తెరిచి, తెర వెడల్పు 192, ఎత్తు 32 అని నింపాలి. మాడ్యూలు రకం, స్కానింగు పద్ధతి ఎన్నుకోవాలి. పి10 ఒకే రంగు మాడ్యూళ్లకు సాధారణంగా నాలుగింట ఒక వంతు స్కానింగు. అంటే దీపాలన్నీ ఒకేసారి వెలగవు. నాలుగు విడతలుగా అతివేగంగా వెలుగుతాయి, కన్ను మాత్రం ఒకటిగా చూస్తుంది. ఈ అంకె తప్పితే అక్షరాలు ముక్కలై చెదిరిపోతాయి. అక్షరాలు చీకటిగా, నేపథ్యం వెలుగుగా తిరగబడితే డేటా పోలారిటీ అనే చోట మార్చాలి. ఒక మాడ్యూలునుండి చివరివరకు చీకటైతే, ఆ మాడ్యూలుకు ముందున్న కేబుల్‌ను అనుమానించాలి. సగం జబ్బులకు మందు ఈ మూడు మాటలలోనే ఉన్నది.

నాలుగవది గడియారం. కార్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సమయం తప్పుతుంది. ఉదయం ఎన్నింటికి వెలగాలి, రాత్రి ఎన్నింటికి ఆరాలి, చీకటి పడ్డాక వెలుగు ఎంతకు తగ్గాలి అన్నవి గడియారం సరిగా ఉంటేనే నడుస్తాయి. రాత్రి పూట పూర్తి వెలుగు పెట్టడం చదివేవారి కంటికీ మంచిది కాదు, దారిన పోయే బండివాడికీ ప్రమాదం.

చదివేవారి కోసం నడపడం

మామూలుగా ఈ బోర్డులలో అక్షరాలు కుడినుండి ఎడమకు పరుగెత్తుతుంటాయి. ధారాళంగా చదివేవారికి అది చెల్లుతుంది. మన ఇళ్లలో చదివేవారు ఎవరు? ఎప్పుడో అక్షరాలు దిద్ది సగం మరచిన తాతయ్య, ఇప్పుడే కూడబలుక్కుంటున్న మనవరాలు. వారిద్దరికీ అక్షరం నిలబడి ఉండాలి. కాబట్టి పరుగు మాన్పించి, పేజీల వలె నిలిపి చూపండి. ఒక పేజీకి మూడు నాలుగు మాటలు, ఎనిమిది పది క్షణాల వ్యవధి. తమిళ పేజీ ముందు, అదే మాటలతో తెలుగు పేజీ తరువాత. పిల్లవాడు బడిలో నేర్చిన తమిళంలో అర్థం గ్రహించి, తరువాతి పేజీలో తన ఇంటి మాట లిపిని గుర్తుపడతాడు. ఖర్చులేని వాచకం అది.

ఏం రాయాలి? కాలం చెల్లిన నినాదాలు వద్దు. టమోటా ధర, పాల సేకరణ వేళ, బస్సు వేళ, టీకా శిబిరం తేదీ, రక్తదానం కబురు, పదవ తరగతి పరీక్ష రుసుముకు గడువు. అవసరమైన మాట ఉన్న చోటికే కన్ను పోతుంది.

పెద్ద తెరలు

తిరునాళ్లకు, పెళ్లిళ్లకు అద్దెకు వచ్చే రంగుల తెరల సంగతి వేరు. అక్కడ కార్డులో ఏమీ దాచి ఉండదు. కంప్యూటరు చూపినదే ఆ క్షణంలో తెర చూపుతుంది. కంప్యూటరునుండి హెచ్‌డీఎంఐ తీగ పంపే పెట్టెలోకి, ఆ పెట్టెనుండి నెట్‌వర్క్ కేబుల్ తెర వెనుకనున్న అందుకునే కార్డులలోకి పోతుంది. ఇటువంటి పెట్టెలలో ఒక్కొక్క కేబుల్ ద్వారం సాధారణంగా ఆరున్నర లక్షల చుక్కల వరకు మోయగలదు. పి4 మాడ్యూళ్లు, అంటే ఒక్కొక్కటి 80 చుక్కల వెడల్పు, 40 చుక్కల ఎత్తు ఉన్నవి, అడ్డంగా 12, నిలువుగా 12 పేర్చితే 960, 480 చొప్పున 4,60,800 చుక్కలు. ఒక కేబుల్ చాలు. ఆ కేబుల్ 100 మీటర్లకు మించకూడదు.

ఈ తెరలలో రెండు విషయాలు మరువరాదు. అమరికలు కార్డులకు పంపడం వేరు, కార్డులలో శాశ్వతంగా దాచడం వేరు. దాచకుండా వదిలితే కరెంటు పోగానే తెర చిందరవందర అవుతుంది. అమరిక ఫైలు నకలు ఒకటి పెన్ డ్రైవులో మన దగ్గర ఉండాలి. ఇక తెలుగు మాట అంటారా, కంప్యూటరులో తెలుగు కనబడితే తెర మీద కనబడి తీరుతుంది. పెద్ద తెరవారు ‘తెలుగు రాదు’ అంటే అసలు నమ్మవద్దు.

తాళం ఎవరి దగ్గర?

నా వృత్తికి దగ్గరి మాట ఇప్పుడు చెబుతాను. బోర్డుకు యజమాని ఎవరు? డబ్బు పెట్టినవాడా? కాదు. పాస్‌వర్డు తెలిసినవాడు. సంఘం డబ్బుతో బోర్డు కొని, పాస్‌వర్డు అమ్మినవాడి దగ్గర వదిలేస్తే, ఒక్క మాట మార్చాలన్నా అతని ఇంటి చుట్టూ తిరగాలి. అప్పుడు తెలుగు వేయాలా వద్దా అన్నది అతని దయ. కొన్న రోజే సాఫ్ట్‌వేరు, పాస్‌వర్డు, అమరిక ఫైలు, వైరింగు పటం రాతపూర్వకంగా తీసుకోండి. కార్డుతో వచ్చిన వైఫై పాస్‌వర్డును ఆ రోజే మార్చండి. ఇద్దరు ముగ్గురికి నడపడం నేర్పండి, అందులో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. ఎవరు ఏ రోజు ఏం మార్చారో ఒక పుస్తకంలో రాయండి.

ఇది అతి జాగ్రత్త అనుకోవద్దు. 2023 మార్చిలో పట్నా జంక్షన్ రైలు స్టేషనులో ప్రకటనల తెరల మీద అశ్లీల దృశ్యాలు ప్రసారమై దేశమంతా తలదించుకున్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షన్ కింద అటువంటి ప్రదర్శన నేరం. మొదటి నేరానికే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. మన బోర్డులోకి ఎవరో దొంగచాటుగా దూరితే ముందు మాటపడేది తెలుగువారు. అల్పసంఖ్యాకులకు పొరపాట్లు చేసే వెసులుబాటు తక్కువ. అట్లాగే వీధి దీపాల తీగనుండి కరెంటు లాగడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద చౌర్యం. సొంత మీటరునుండే తీసుకోండి.

చట్టం ఏమంటున్నది?

‘తెలుగు రాదు’ అన్నవాడికి సాంకేతిక జవాబు చెప్పాం. ‘తెలుగు పెట్టకూడదు’ అనేవాడికి జవాబు రాజ్యాంగంలో ఉన్నది. 29వ అధికరణం మొదటి ఖండం, తమకంటూ ప్రత్యేకమైన భాష, లిపి లేదా సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. గమనించండి, లిపి అనే మాటను భాషకు పక్కన విడిగా పేర్కొన్నారు. మాట్లాడుకోనిస్తున్నాం గదా, ఇంకేం కావాలి అనేవారికి ఆ ఒక్క మాట చాలు.

దుకాణాల విషయంలో 1948 నాటి తమిళనాడు దుకాణాలు, సంస్థల నియమావళి 15వ నియమం ఉన్నది. పేరు బోర్డు తమిళంలో ఉండాలి. ఇతర భాషలు వాడితే అవి తమిళానికి కింద ఉండాలి, తమిళానికి చోటు ఎక్కువ ఇవ్వాలి. దీనిని కొందరు తెలుగుపై నిషేధంగా చెబుతారు. నియమం చదివితే అందులోనే ఇతర భాషలకు చోటున్నదని తెలుస్తుంది. తమిళం పైన, తెలుగు కింద ఉండడంలో అవమానమేమీ లేదు. ఇంటి యజమానికి పెద్దపీట వేసి పక్కన కూర్చోవడం మర్యాదే. బెంగళూరులో వ్యాపారాలున్న మన హోసూరు వైపు సోదరులకు తెలుసు, 2024 చట్ట సవరణతో కర్ణాటకలో బోర్డు పైభాగాన 60 శాతం కన్నడం ఉండాలన్నారు. అక్కడ కూడా మిగిలిన చోటు మిగిలే ఉన్నది.

ఇటీవలి తీర్పు ఒకటి అందరూ గుర్తు పెట్టుకోవాలి. మహారాష్ట్రలో అకోలా జిల్లా పాతూరు పురపాలక సంఘం బోర్డు మీద మరాఠీ కింద ఉర్దూ ఉండడాన్ని సవాలు చేస్తూ వేసిన కేసులో, 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఉర్దూ ఉండవచ్చని చెప్పింది. మరాఠీని అధికార భాషగా చేసిన అక్కడి 2022 చట్టం అదనంగా మరొక భాషను వాడడాన్ని నిషేధించలేదన్నది న్యాయమూర్తులు సుధాంశు ధూలియా, కె. వినోద్ చంద్రన్ ధర్మాసనం నిర్ణయం. అది ఆ రాష్ట్రపు చట్టం మీద వచ్చిన తీర్పే. కాని అధికార భాషకు పట్టం కట్టినంత మాత్రాన పక్క భాషకు వాకిలి మూసినట్లు కాదనే తర్కం మనకూ పనికి వస్తుంది.

ప్రభుత్వ బోర్డుల సంగతి కొంచెం వేరు. జిల్లాలోగాని అంతకు చిన్న ప్రాంతంలోగాని జనాభాలో కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు అనువదించి ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణ పథకంలోని అంశం. దాని అమలును చూడడానికే 350-బి అధికరణం కింద 1957లో భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయం ఏర్పడింది. మన తాలూకా ఆ కొలతకు వస్తుందో రాదో జనాభా లెక్కల మాతృభాషా పట్టిక తెచ్చి చూడాలి. వస్తే హక్కుగా అడుగుదాం. రాకపోతే మర్యాదగా కోరుదాం. అర్జీని 350వ అధికరణం ప్రకారం తెలుగులోనే ఇవ్వవచ్చు, పని త్వరగా జరగడానికి తమిళ ప్రతి జతచేయండి. ‘సాంకేతికంగా కుదరదు’ అని జవాబు వస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ బోర్డు కొనుగోలు ఉత్తర్వు, సాంకేతిక వివరాల నకలు అడగండి. అందులో కార్డు రకం ఉంటుంది. అది చేతికి వచ్చాక, కుదురుతుందో కుదరదో మన పిల్లలే చెబుతారు.

ఒక హద్దు కూడా చెప్పాలి. రోడ్డు వైపు తిప్పి పెట్టే బోర్డుకు స్థానిక సంస్థ అనుమతి తీసుకోండి. వాహనాలు నడిపేవారి దృష్టి చెదరగొట్టే ప్రకటన పలకలను తొలగించాలని 1997లో ఢిల్లీ విషయంలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మిరుమిట్లు గొలిపే వెలుగు, రెప్పపాటులో మారే బొమ్మలు మన బోర్డులో వద్దు. మన లిపి ఎవరి కంటికీ గుచ్చుకోకూడదు.

చేయవలసినది

ముగించేముందు మూడు పనులు అప్పగిస్తున్నాను. ఊరికి ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఈ అమరికను చేత్తో నేర్చుకోండి. ఒక మాడ్యూలు, ఒక కార్డు, ఒక చిన్న పవర్ సప్లై ఉంటే చాలు, బల్ల మీదే నేర్చుకోవచ్చు. రెండు, ఇప్పటికే మీ ఊళ్లలో ఉన్న గుడి, మండపం, సంఘం బోర్డుల పాస్‌వర్డు ఎవరి దగ్గరున్నదో ఈ వారంలోనే కనుక్కోండి. మూడు, ఆ బోర్డులో తమిళ పేజీ తరువాత ఒక్క తెలుగు పేజీ చేర్చమని సంఘంలో తీర్మానం రాయించండి. నోటిమాటగా వద్దు. తీర్మానం రాసిన పుస్తకం రేపు కోర్టులోనైనా మాట్లాడుతుంది.

మన పూర్వులు తాటాకు దొరికితే తాటాకు మీద, రాయి దొరికితే రాతి మీద తెలుగు రాశారు. ‘ఈ రాతికి తెలుగు రాదు’ అని వారితో ఏ శిల్పీ అనలేదు. మనకు దొరికినది వెలుగు. దాని మీద ఎట్లా రాయాలో ఇప్పుడు మీకు తెలుసు. ప్రశ్నలుంటే అడగండి, ఈ బల్ల మీద మాడ్యూలు, కార్డు రెండూ ఉన్నాయి. ముందుగా ఎవరు వస్తారో రండి, ‘వెల్లిచందై’ అని కొట్టి చూద్దాం.